పనిచేసేవారు ఎంతమంది?

వీధి మలుపులో లాండ్రీ షాపు నడిపే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ మడతల బాబాయ్ అనే పిలిచేవారు. ఆయన మడతపెట్టిన చొక్కా అప్పుడే కొట్లో కొన్నట్టుండేది. ఆ మడతంటే ఆయనకి తగని గర్వం.

మహమ్మారి వచ్చి ప్రభుత్వం అన్నీ మూసేయమనేసరికి షాపుకి రెండు నెలలు తాళం పడింది. తెరిచాక కూడా గిరాకీ అంతంతమాత్రమే. ఆఫీసులు ఇళ్లలోకి వచ్చేశాయి. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి పైన చొక్కా బాగుంటే చాలు, కింద ఏం తొడిగారో అడిగేవాళ్లు లేరు. రోజుకి పది చొక్కాలొస్తే ఒక్క ప్యాంటూ వచ్చేది కాదు. ఊళ్లో అందరికీ కాళ్లు మాయమైపోయినట్టున్నాయని పిన్ని నవ్వేది. పిన్ని అంటే బాబాయ్ భార్య. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. వాషింగ్ మిషన్ల కోసం తెచ్చిన బ్యాంకు అప్పూ, షాపు అద్దే గుండెల మీద కుంపటిలా ఉన్నాయి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం లాయరమ్మ నల్లకోటు తీసుకుని వచ్చింది. పదేళ్లుగా ఆవిడ కోటు ఇక్కడే ఉతికించుకుంటోంది. బాబాయ్ మొహం చూసి సంగతి అడిగింది. ఆయన చెప్పిందంతా విని, ఇలాంటి చిన్న షాపుల కోసం కొన్ని వెసులుబాట్లు ఉన్నాయనీ, దరఖాస్తులు తనే నింపిపెడతాననీ చెప్పి, మాస్కు సర్దుకుని బల్ల ముందు కూర్చుంది.

ముందు అద్దె ఒప్పందం తెమ్మంది. మూడో పేజీలో ఉంది అసలు మాట. ప్రభుత్వ ఆదేశంతో షాపు మూతపడితే ఆ నెలల అద్దె తర్వాత కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చు. బాబాయ్ నోరు వెళ్లబెట్టాడు.

"సంతకం మీదే కదా, చదవలేదా?" అంది లాయరమ్మ.

"చదివితే భయమేసి సంతకం పెట్టలేనేమోనని చదవలేదమ్మా."

తర్వాత ప్రభుత్వ సాయానికి దరఖాస్తు. షాపు పేరు, చిరునామా, తెరిచిన సంవత్సరం చకచకా రాసేసింది. పనిచేసేవారు ఎంతమంది అని అడిగింది.

"నేనొక్కణ్ణే," అన్నాడు బాబాయ్.

వెనకాల ఇస్త్రీ చప్పుడు ఆగిపోయింది. పిన్ని ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, నెమ్మదిగా అడిగింది.

"మరి నేనెవర్నండీ?"

"నువ్వు... ఇంటిమనిషివి కదా."

పిన్ని మళ్లీ ఇస్త్రీ అందుకుంది. ఆ చొక్కా చేతికి ఒకటికి నాలుగుసార్లు వేడి తగిలింది.

లాయరమ్మ కలం పక్కన పెట్టి, రోజూ ఏమేం చేస్తారని పిన్నినే అడిగింది. పిన్ని చేతిపని ఆపకుండానే చెప్పుకొచ్చింది. పొద్దున షట్టరు తియ్యడం, బట్టలు లెక్కపెట్టి తీసుకోవడం, చీటీలు కట్టడం, రసీదులు రాయడం, మరకలు వదిలించడం, పట్టుబట్టలన్నీ తనే చూసుకోవడం, అలిగిన వాళ్లని సముదాయించడం. వింటుంటే బాబాయ్‌కి ఎవరిదో పెద్ద షాపు గురించి చెబుతున్నట్టనిపించింది. అందులో తన వాటాకి మిషన్లూ మడతలూ మిగిలాయి.

లాయరమ్మ విషయం విడమరిచి చెప్పింది. ఒక్క మనిషే నడిపే షాపుకి బ్యాంకు వాయిదాలు ఆరు నెలలు వెనక్కి జరుగుతాయి, వడ్డీ మాత్రం ఆగదు. ఇంకో మనిషి కూడా పనిచేస్తుంటే, దాంతోపాటు ఆ మనిషిని తీసెయ్యకుండా ఉంచినందుకు మూడు నెలలు సగం జీతం ప్రభుత్వం ఇస్తుంది. ఇంటివాళ్లయినా పరవాలేదు, పనిచేస్తున్నట్టు రుజువు ఉండాలి.

రుజువు ఎక్కణ్ణించి తెస్తామని బాబాయ్ తల పట్టుకుంటే, పిన్ని అటక వైపు చూపించింది. ఆయన స్టూలెక్కి దింపిన రసీదు పుస్తకాలు బల్లంతా నిండిపోయాయి. పద్దెనిమిదేళ్ల రాతంతా ఆవిడదే. పక్కన చిన్నచిన్న వివరాలు కూడా ఉన్నాయి. కాలరు మీద ఇంకు, హామీ లేదు. ఈయన తొందర మనిషి, గురువారం దాటకూడదు. లాయరమ్మ ఒక పేజీ దగ్గర ఆగి గట్టిగా నవ్వేసింది. ఆవిడ కోటు గురించే అక్కడ రాసుంది: జేబులో మళ్లీ చాక్లెట్ కరిగింది, ఇది మూడోసారి.

బాబాయ్ రాత ఒకే ఒక్క వారం కనిపించింది, పిన్ని పురిటికి వెళ్లినప్పటిది. ఆ వారంలోనే ముగ్గురి బట్టలు తారుమారయ్యాయి.

ఆయన చాలాసేపు ఆ పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఇద్దరమని రాయండమ్మా. ముందు ఆవిడ పేరు రాయండి," అన్నాడు.

లాయరమ్మ రాస్తూనే ఇంకో మాట చెప్పింది. ప్రభుత్వం ఇచ్చేది సగమే. మిగతా సగం షాపే ఇవ్వాలి, నెలనెలా పిన్ని పేరున ఉన్న ఖాతాలోనే వెయ్యాలి.

"అంటే మా ఆవిడకి నేను జీతం ఇవ్వాలా?"

"ఒకటో తారీకు దాటనివ్వకండి," అంది పిన్ని. మాస్కు వెనక నవ్వుతోందని కళ్లే చెప్పాయి.

షాపు పైఅంతస్తులో ఉండే ఇంటి ఓనరు తాతగారి దగ్గరికి ముగ్గురూ కలిసి వెళ్లారు. బాబాయ్ మెట్లెక్కుతూ చెప్పాల్సిన మాటలు పదిసార్లు నెమరువేసుకున్నాడు. తాతగారు కళ్లజోడు పెట్టుకుని మూడో పేజీ రెండుసార్లు చదివాడు. ఇన్నేళ్లూ తనూ అది చదవలేదని ఒప్పుకుని, మూతపడ్డ నెలల అద్దె ఏడాదిలోగా ఇమ్మన్నాడు.

మూడు వారాలకి మంజూరైనట్టు కాగితం వచ్చింది. కష్టాలన్నీ ఒక్కసారి తీరిపోలేదు గానీ బాబాయ్‌కి రాత్రుళ్లు నిద్ర పట్టసాగింది. ఒక్కొక్కటిగా ప్యాంట్లూ తిరిగొచ్చాయి. మొదటి జీతంతో పిన్ని ఏం కొనుక్కుంటుందోనని ఆయన ఎదురుచూశాడు. ఆవిడ ఏమీ కొనలేదు. పనిచేసేవాళ్లకి వారానికో సెలవు ఉండాలని ఆ మంజూరు కాగితంలోనే రాసుందని చూపించి, ఆదివారం షాపుకి రానంది.

ఆ ఆదివారం బాబాయ్ ఒక్కడే పరుగులు పెట్టాడు. మధ్యాహ్నం కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి పిన్ని కిటికీ పక్కన కాళ్లు చాపుకుని రేడియో వింటోంది. ఆయన వంటింట్లోకెళ్లి టీ పెట్టి తెచ్చిచ్చాడు.

"సెలవు ఎలా ఉంది?"

"బాగుంది. వచ్చేవారం మీరూ తీసుకోండి."

"మరి షాపు?"

"ఒక్కపూట మూస్తే కొంపలేం మునిగిపోవులెండి," అంటూ పిన్ని ఆయన కూర్చోడానికి పక్కకి జరిగింది.