ముందే చెప్పిన సాక్ష్యం

జమున సాక్ష్యం చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు. ఎవల కొంప ముంచలే, ఎవల పొలం గట్టు జరుపలే. ఆదివారం మందిరంల లేచి నిలవడి, చేతులెత్తి, దేవునికి స్తోత్రం అన్నది. గంతే.

సుల్తానాబాద్ అవతల, వరి పొలాల నడుమ ఊరు వాళ్లది. ఊరి చివర వాడ, వాడ చివర రేకుల మందిరం. జమున బీడీలు చేస్తది. ఆమె మొగడు కరుణాకర్ గల్ఫ్‌ల జైల్ల పడి రెండేండ్లు దాటింది. తోట పనని తీస్కపోయి ఎండల గొర్లు కాయించిండ్రు. ఇదేం పని అని అడిగితే కొట్టిండ్రు. పారిపోయి ఖల్లివెల్లి అయిండు, అంటే కాయితాలు లేకుంట దాక్కొని బతికేటోడు. దొరికినంక పనిల వెట్టుకున్న షేటు ఇంకో కేసు వెట్టిండు, నా నీళ్ల మోటరు ఎత్తుకపోయిండని. ఐదేండ్ల శిక్ష. మోటరు ఎవలు ఎత్తుకపోయిండ్రో గా ఇసుకకే ఎరుక.

ఒక్కటే తొవ్వ ఉన్నది. రంజాన్ నెలల అక్కడి సర్కారు కొంతమంది ఖైదీలకు మాఫీ ఇచ్చి ఇంటికి తోలుతది. గా మాఫీకి ఇక్కడి నుంచి పేర్లు పోవాలె. ఇంటోళ్లు దరఖాస్తు ఇయ్యాలె, ఊర్లె విచారణ కావాలె, జిల్లా ఆఫీసోళ్లు లిస్టు కట్టి పైకి పంపాలె. గల్ఫ్ కార్మికుల సంఘం లక్ష్మీరాజం కరుణాకర్ దరఖాస్తు తన చేతితోని రాసి, తనే పోయి ఇచ్చి వచ్చిండు. పదకొండేండ్లు అక్కడ ఇటుకలు మోసి నడుం ఇరుగగొట్టుకున్న మనిషి. దేవుడంటే మండుతది. కాయితమంటే పాణం.

దరఖాస్తు పోయిన దినమే జమున ఉపవాస ప్రార్థన పట్టింది. ఇరవై ఒక్క దినాలు. పొద్దంత మంచినీళ్లు, పొద్దూకినంక ఇంత జొన్న గట్క. బీడీలకు తునికాకు కత్తిరించుకుంట కూడా పెదవులు కదుల్తనే ఉంటుండె.

ఆఖరు దినం పాస్టర్ ఓంప్రకాశ్ అన్నడు: "జమునమ్మా, అడిగి ఊకుంటే సగం ప్రార్థనే. దొరికిందని నమ్మాలె. నమ్మినోళ్లు నోటితోని ఒప్పుకోవాలె. ఇస్తవా అని కాదు, ఇచ్చినవు అని స్తోత్రం చెప్పాలె."

గిది వాళ్ల మందిరంల కొత్త కాదు. నొప్పి తగ్గకముందే తగ్గిందని చెప్తరు. కొలువు రాకముందే వచ్చిందని చెప్తరు. వస్తే దేవుడిచ్చిండు, రాకుంటే మన నమ్మకం తక్కువైంది. దేవుని మీద మాట పడది, ఎప్పుడైనా మనిషి మీదనే.

జమున లేచింది. "నా పెనిమిటికి విడుదల కలిగింది. జైలు తలుపులు తెరిచిండు నా దేవుడు. స్తోత్రం." మందిరం చప్పట్లతోని మోగింది. సంఘ పెద్ద సాంబయ్య ఫోనుల వీడియో తీసిండు. గా శుక్రవారం జైలు నుంచి మొగని ఫోను వస్తే ఆయనకు కూడా గదే చెప్పింది. "విడుదలైనవ్. నమ్ము."

చప్పట్లు కొట్టనిది అత్త రామవ్వ ఒక్కతే. మందిరంల అందరికంటే ముందు బాప్తీస్మం తీసుకున్న మనిషి ఆమె.

"నారు పొయ్యకముందే కల్లం చేసినమంటే ఎట్లనే పిల్లా?" అన్నది ఇంటికొచ్చినంక.

"విశ్వాసం అత్తా."

"విశ్వాసమా? కాంది అయిందని దేవుని మొఖం మీదనే చెప్తివి. ఆయనకు తెల్వదా నా కొడుకు ఏడున్నడో?"

"నువ్వు రోజు కొట్లాడినట్టు ప్రార్థన చేస్తవ్ గద, ఏం ఇచ్చిండు నీకు?"

"ఏమియ్యలే," అన్నది రామవ్వ. "ఇయ్యడనే కొట్లాడుత. మనసుల ఉన్నది ఉన్నట్టు ఇంకెవలకు చెప్పుకోవాలె? నీకు చెప్తే నువ్వు ఏడుస్తవ్."

జమునకు కోపమొచ్చింది. ముసల్దానికి నమ్మకం లేదు, దీని మూలంగనే అడ్డం పడుతదేమో అనుకున్నది. గా రాత్రి అత్తతోని మాట్లాడలే.

విచారణ సారు గురువారం వచ్చిండు. జమున బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానకు పోయింది, రామవ్వ గడ్డికి పోయింది. ఇంటికి తాళం. సారు చాయ్ హోటలు కాడ ఆగి, జైల్ల ఉన్న కరుణాకర్ సంగతేందని అడిగిండు. అక్కడ కూసున్నది సాంబయ్య.

సాంబయ్య చెడ్డోడు కాదు. కరుణాకర్ మీద పగ లేదు. కానీ మందిరంల ఒప్పుకున్న దానికి ఉల్టా మాట నోట్లె నుంచి వస్తే విడుదల ఆగిపోతదని ఆయన భయం. "ఆయన ఇంకా రాలే సార్" అంటే అయిపోతుండె. నాలుగు మాటలు. గా నాలుగు మాటలు అనలేకపోయిండు.

"విడుదలైండు సార్! దేవుడు విడిపించిండు. ఇగో చూడుండ్రి, భార్యనే చెప్తుంది" అని వీడియో చూపించిండు.

సారు చాయ్ తాగిండు, రాసుకున్నడు, బండెక్కిండు.

ఈ ముచ్చట జమునకు ఎనిమిది దినాలకు ఎరుకైంది, అది కూడా లక్ష్మీరాజం గుమ్మంల నిలవడి ఒర్రితే.

"ఏం చెల్లే! మీ ఆయన వచ్చిండట గద. నాటుకోడి కోసినవా? మాకు చెప్పనే లేదు!"

"ఏమంటున్నవ్ అన్నా? ఎవలు చెప్పిండ్రు?"

"నువ్వే చెప్పినవట! ఇయ్యాల లిస్టు చూసి వస్తున్న. జిల్లాల పదిహేడు పేర్లు. మీ ఆయన పేరు మీద గీత. పక్కన ఏం రాసిండ్రో తెలుసా? 'స్థానిక విచారణలో విడుదలైనట్లు తెలిసినది'. నడువలేనోన్ని, నాలుగుసార్లు తిరిగిన చెల్లే దాని కోసం. మీ దేవుడే విడిపిస్తే నాకెందుకు ఇచ్చినవ్ కాయితాలు?"

జమున వొళ్లె చాట ఉన్నది. కట్టలు కట్టిన బీడీలు నేల మీద పడ్డయి. ఆమె ఏరుకోలే.

"నేను... నమ్మి చెప్పిన అన్నా."

తిట్టడానికొచ్చిన మనిషి గుమ్మం మీద కూలవడి నడుం వట్టుకున్నడు. "నడు," అన్నడు కొంచెం సేపటికి. "ఇయ్యాల శుక్రారం. ఆఫీసు తెరిచే ఉంటది."

ఆఫీసుల సెక్షన్ సారు మంచిగనే మాట్లాడిండు. గరీబోళ్లతోని మంచిగ మాట్లాడుడు ఖర్చు లేని పని. "చూడమ్మా, నేను సొంతంగ కొట్టేయలే. నీ మాటే, నీ వీడియోనే. రేపు పైనోళ్లు అడిగితే ఏం చెప్పాలె? నువ్వు రాసియ్యి, విడుదల కాలేదని. మీ చర్చి ఫాదర్ కూడా రాసి సంతకం పెట్టాలె. సోమవారం మధ్యాహ్నం దాక టైం."

"ఫాదర్ కాదు సార్, పాస్టర్."

"ఎవలైతేంది!"

బస్సు దిగి సీదా పాస్టరింటికి పోయింది. ఓంప్రకాశ్ మందిరంల చాపలు దులుపుతుండు. మొత్తం విన్నడు. చాప కింద పెట్టి గోడకు ఆనుకున్నడు.

"అయ్యగారూ, ఒక్క సంతకం."

"నేను రాసిస్తే ఏమైతది జమునమ్మా? మందిరంల ఒప్పుకున్నది అబద్ధమని నా చేతితోని రాసినట్టే. ఇంకో మూడు దినాలు ఉపవాసముందాం."

"సోమారం దాకనే టైం ఉన్నది."

"దేవునికి టైం ఉంటదా?"

"ఆఫీసుకు ఉంటది అయ్యగారూ!"

ఆయన చాప మల్ల చేతికి తీసుకోని మడత పెట్టిండు. తర్వాత మెల్లగ అన్నడు: "ముప్పై ఇండ్లు. ఒక్కొక్కలు ఒక్కొక్క సాక్ష్యం చెప్పిండ్రు. ఒకటి కాదని నేనే సంతకం పెడితే, మిగిలినయి ఏమైతయి? రాజయ్యకు క్యాన్సర్ పోయిందని చెప్పిచ్చిన. పోయిందా? నాకు తెల్వది. ఆయన నమ్ముకోని రాత్రి నిద్రపోతుండు. గా నిద్ర ఎట్ల గుంజుకోవాలె నేను?"

జమునకు గప్పుడు అర్థమైంది. ఈయనకు కూడా భయమే. గిన్ని దినాలు ధైర్యమని తాను అనుకున్నది, ముప్పై ఇండ్లోళ్లు ఒకల భయం ఒకలు చప్పట్లతోని కప్పుకునుడే. దేవుని ముంగట కూడా నిజం చెప్పరానప్పుడు ఇగ ఏడ చెప్పాలె? ఆఫీసుల చెప్పాలెనా?

ఆదివారం వచ్చింది. సాక్ష్యాల టైంల జమున లేచింది. సాంబయ్య అలవాటు కొద్ది ఫోను తీసిండు.

"తీయి కాకా, మంచిగ తీయి," అన్నది. "నా మొగడు విడుదల కాలే. జైల్లనే ఉన్నడు. నాలుగు వారాల కింద గీడనే నిలవడి నేను చెప్పింది జరుగలే. జరగాలని నా ఆశ. ఆశను పట్టుకొని అయిందని చెప్పిన. దాంతోని ఆయన పేరు కొట్టేసిండ్రు. నేను చేసిన."

ఒక ముసలామె పైట నోటికి అడ్డం పెట్టుకున్నది. సాంబయ్య ఫోను దించిండు.

"సైతాను మాట్లాడిస్తుంది!" అని అరిసిండు. "ఇంకో వారమైతే వస్తుండె ఆయన. నీ నోటితోనే కట్టేస్తివి!"

"గదే నోటితోని చాయ్ హోటలు కాడ నువ్వేం చెప్పినవ్ సాంబిగా?" అని వెనుక నుంచి రామవ్వ లేచింది. "నా కొడుకు ఏడి? విడిపిస్తివి గద, పట్టుకరా పో!"

నలుగురు లేచి బయటికి పోయిండ్రు. రాజయ్య మాత్రం కదులలే, గొంతుకు కట్టుకున్న రుమాలు సవరించుకుంట కూసున్నడు. చివరి ప్రార్థన పాస్టర్ నోటికి రాలే. రెండు మాటలు మొదలువెట్టి ఆపిండు. అందరు పోయినంక కాయితం అడిగి, మోకాలు మీద పెట్టుకొని, సంతకం చేసిండు.

"నా కోసం కూడా ప్రార్థన చెయ్యి," అన్నడు.

"ఏమని చెయ్యాలె అయ్యగారూ?"

ఆయన చాపలు సుట్టవట్టిండు.

సోమారం ఆఫీసు తెరువకముందే జమున, లక్ష్మీరాజం మెట్ల మీద ఉన్నరు. పదిన్నరకు సెక్షన్ల ఇంకో సారు వచ్చి కూసున్నడు. పాత సారు కూతురి పెండ్లికని సెలవు పెట్టిండు. పెట్టేముందు బల్ల సాఫ్ చేసి పోవాలని లిస్టు శనివారమే పైకి పంపిండు. పదహారు పేర్లు.

"సోమారం దాక టైం అన్నరు సార్!" లక్ష్మీరాజం బల్ల గుద్దిండు. "గీ బిడ్డ వాడందరి ముంగట నిలవడి ఇజ్జత్ తీసుకొని తెచ్చింది గీ కాయితం!"

"నేను అనలే గద," అన్నడు కొత్త సారు. కాయితం తీసుకున్నడు, ముద్ర కొట్టిండు, ఒక ఫైల్ల పెట్టిండు. "వచ్చే ఏడాదికి పనికొస్తది."

నిజం చెప్తే దేవుడు తొవ్వ చూపుతడని కథలల్ల ఉంటది. జమున నిజం చెప్పింది. తొవ్వ లేదు. బస్టాండుల లక్ష్మీరాజం చాయ్ ఇప్పిచ్చిండు, ఇద్దరు నిలవడే తాగిండ్రు. "హైదరాబాదు పోదాం చెల్లే, గట్టిగ కొట్లాడుదాం" అన్నడు చివరికి.

శుక్రారం పగటీలి జైలు ఫోను వచ్చింది. రెండు వారాలకొకసారి, మూడు నిమిషాలు. ఆఖరి నిమిషం ఇద్దరు కలిసి ప్రార్థన చేసుకునుడు మొదటి నుంచి అలవాటు.

కరుణాకర్ గొంతు ఎన్నడు లేనంత హుషారుగున్నది. "జమునా! ఇంకెన్ని దినాలంటరు? రంజాన్ దగ్గర పడ్డది. నువ్వు చెప్పినంక నేను మస్తు నమ్మిన తెలుసా. నా దుప్పటి బెంగాలీ ముసలాయనకిచ్చిన. చెప్పులు కూడా ఇచ్చేసిన. విడుదలైనోనికి ఎందుకే దుప్పటి? అంతే గద విశ్వాసమంటే!"

ఆయన నవ్వుతుండు. అవ్వ మంచిగున్నదా, ఇంటి మీది రేకు ఊడిందంటివి కట్టించినవా, నేనొచ్చి కడుత తియ్యి అంటుండు. చెప్పాలని జమున మూడుసార్లు నోరు తెరిచింది. రాలే.

"టైం అయితుంది. ప్రార్థన చెయ్యి," అన్నడు.

కండ్లు మూసుకున్నది. ఇరవై ఒక్క దినాలు చేసిన ప్రార్థన ఒక్క ముక్క గుర్తుకు రాలే. అత్త కొట్లాడే తీరు గుర్తుకొచ్చింది.

"ప్రభువా, నేను నీకు అబద్ధం చెప్పిన. ఈయనకు కూడా చెప్పిన. ఈయన పేరు లిస్టుల లేదు. నా సాక్ష్యం చూసి కొట్టేసిండ్రు. సంతకం తెచ్చిన, అప్పటికే లిస్టు పంపిండ్రు. ఈయనకు ఎట్ల చెప్పాలెనో తెల్వక నీకు చెప్తున్న. ఈయన వింటుండు. నువ్వు వింటున్నవో లేదో నాకు తెల్వది."

అవతల నవ్వు ఆగింది. ఆమేన్ అనలే. ఊపిరి మాత్రం వినవస్తుంది, ఆయన వెనుక ఎవలో ఫోను కోసం తొందర పెడుతుండ్రు.

"మల్ల రంజాన్ ఎన్నడే?" అన్నడు కరుణాకర్.

లైను తెగిపోయింది.

జమున ఫోను చెవి కాడ్నుంచి తీయలే. గట్లనే నిలవడి, ఎక్కడ ఆపిందో అక్కడ్నుంచి మల్ల అందుకున్నది. ఏం అడుగలే. జరిగింది జరిగినట్టు చెప్పుకుంట పోయింది. దుప్పటి సంగతి కూడా చెప్పింది.