ఏడో చక్రం

వైకుంఠం ఆరో చక్రాన్ని గొలుసు కొక్కేనికి తగిలించి, ఓ అడుగు వెనక్కి జరిగి, అంచు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. ఎడమచెవి అటు తిప్పి కాసేపు నిలబడ్డాడు. తల ఊపి, చక్రాన్ని దింపి, మంచివాటి వరుసలోకి దొర్లించాడు.

బహదూర్‌పురా సందులోని ఇనుముకు పొడిరంగు పట్టించి కాల్చే ఆ పౌడర్ కోటింగ్ షెడ్డులో ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఇదే తంతు. పాత ఇనుప చక్రం మీద రంగులు, పుట్టీ పొరలు పొరలుగా ఉంటాయి. దాని పగులు కంటికి దొరకదు, చెవికి దొరుకుతుంది. మంచి చక్రం గుడిగంటలా సాగదీసి మోగుతుంది. పగిలినది ‘డబ్’మని నోరు మూసుకుంటుంది. వైకుంఠం తల ఊపాడంటే ఇక ఆ చక్రానికి ఢోకా లేదని సందంతా నమ్మేది.

ఆ చెవులే అతణ్ణి నట్టేట ముంచాయి. కంప్రెసర్ రొదలో, పాత రంగు రాలగొట్టడానికి గాలితో ఇసుక కొట్టే చప్పుడులో బతుకంతా గడిపినందుకు కుడిది రెండేళ్ళ కిందటే పూర్తిగా సెలవు పుచ్చుకుంది. ఎడమది దాని బాటే పట్టింది. ఈ సంగతి భార్య రాజమణికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె పిలవడం మానేసి భుజం తట్టడం నేర్చుకుంది. చెవి మిషన్ పెట్టించుకొమ్మని పోరితే, “అది జూస్తే షెడ్డుకు రానిస్తరా నన్ను?” అని విసుక్కునేవాడు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవడంలో మాత్రం ఆరితేరాడు.

“అన్నా, జర జల్ది. రేపే సదర్,” అన్నాడు బాబురావు.

బాబురావుది పాలవ్యాపారం. వాళ్ళ నాయన ఒకప్పుడు గడ్డి తోలిన, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు ముక్కు లారీ ఇరవై ఏళ్ళుగా కొట్టం వెనక మూలుగుతుంటే, ఈ ఏడు దాన్ని బాగుచేయించాడు. దీపావళి మర్నాడు దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్‌లో తన పోతును ఆ లారీ మీదే నిలబెట్టాలని పంతం. తుక్కు దుకాణాలన్నీ గాలించి పదకొండు చక్రాలు తెచ్చాడు. నాలుగు వంకరపోయినవి. మిగిలిన ఏడింటిలో ఆరు లారీకి, ఒకటి స్టెప్నీకి.

ఏడోదాన్ని వేలాడదీసి కొట్టాడు వైకుంఠం. ఏమీ తెలియలేదు. ఇంకోసారి కొట్టాలనిపించింది. కానీ పక్కనే బాబురావు, షెడ్డు యజమాని అమరనాథ్ అతని ముఖంలోకే చూస్తున్నారు. రెండోసారి కొడితే ఏమైందని అడుగుతారు. తల ఊపేశాడు.

ఇసుక కొట్టి ఇనుమును తెల్లగా తేల్చాడు. బోల్టు రంధ్రాల చుట్టూ టేపు అంటించాడు. బాబురావు ఏరికోరి ఎంచుకున్న కుంకుమరంగు పౌడరును గన్నుతో పట్టించి, చక్రాలను పొయ్యిలోకి తోసి తలుపు వేశాడు. ఇరవై నిమిషాలు. అప్పుడు మొదలైంది భయం. ఇసుక దెబ్బకు సన్నని పగులు పైపైన పూడుకుపోతుందని అతనికి తెలుసు. ఇప్పుడు దాని మీద రంగు కూడా ఉడుకుతోంది. టన్నున్నర బరువు పోతు, చుట్టూ వేలాడే పిల్లలు, డప్పులకు ఊగే జనం. ఏటా తను కళ్ళారా చూసేదే. నోరు విప్పితే అన్నం పోతుంది, విప్పకపోతే ఎవరి కాలు పోతుందో, ఎవరి ప్రాణం పోతుందో. కక్కలేక మింగలేక అటూ ఇటూ తిరిగాడు.

చక్రాలు బయటికొచ్చి చల్లారేసరికి ట్రాలీ ఆటో గుమ్మంలో ఉంది. బాబురావు మురిసిపోతూ మొదటి చక్రం మీద చెయ్యి వేశాడు. వైకుంఠం దాన్ని అతని చేతిలోంచి లాక్కుని మళ్ళీ గొలుసుకు ఎక్కించాడు.

“ఏం జేస్తున్నవన్నా? కోటింగ్ లేస్తది!” అమరనాథ్ అరిచాడు.

“లేస్తే లేవనీ. నేను కొడ్త. మీరిద్దరు వినుండ్రి.”

ఒక్కో చక్రాన్నీ ఎక్కించి కొట్టాడు. చక్రం వైపు చూడలేదు, వాళ్ళ ముఖాల వైపు చూశాడు. ఆరింటికీ ఆ ముఖాల్లో విసుగు తప్ప ఏమీ లేదు. ఏడోదానికి బాబురావు నోరు తెరుచుకుంది. అమరనాథ్ కనుబొమలు ముడిపడ్డాయి. వైకుంఠానికి అది చాలు. ఉలితో బోల్టు రంధ్రం పక్కన గీకాడు. ఎర్రటి పెచ్చు లేచింది. కింద ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా వెంట్రుకంత గీత.

“పొద్దున మంచిగుందని నువ్వే గదా తలకాయ ఊపినవ్?” అన్నాడు అమరనాథ్.

“నాకు వినబడలే, అమరనాథ్. అస్సలు వినబడ్తలేదు. రెండేండ్లాయె.” ఆ మాట ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలియదు. ఎదురు దుకాణం వాళ్ళు తొంగిచూశారు.

బాబురావు అతని చెయ్యి పట్టుకున్నాడు. “ఫికర్ జెయ్యకన్నా. స్టెప్నీ లేకున్నా నడుస్తది. మా పిల్లలంతా ఆ లారీ మీదనే ఎక్కుతుండె, పాణాలు గాపాడినవ్.” ఆరు చక్రాలూ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

అమరనాథ్ ఏడో చక్రం మీది గీతను వేలితో తడిమాడు. “రెండేండ్లల్ల ఎన్ని చక్రాలకు గిట్ల తలకాయ ఊపినవన్నా?” అని అడిగాడు. కోపంగా కాదు, మెల్లగా. వైకుంఠానికి ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా గుండెల మీది బండ దిగినట్టూ ఉంది. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఎవరూ పొమ్మనకుండానే సందులోకి నడిచాడు.

కాసేపటికి అమరనాథ్ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. “వైకుంఠమన్నా! ఓ అన్నా! ఎన్కకు రా!” ఆటోవాడు తిరిగి చూశాడు, గాజులమ్మే ఆవిడ తిరిగి చూసింది. వైకుంఠం అదే నడకతో మలుపు తిరిగి పోయాడు.

షెడ్డులో బల్ల మీద, రాజమణి పొద్దున కట్టిచ్చిన టిఫిన్ డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. దాని మీద సన్నగా పేరుకున్న ఎర్ర పౌడరులో ఒక్క వేలిముద్ర కూడా లేదు.