ఎడమచేతి రీలు

మా తమ్ముడు అప్పలసూరి ఓడలో వంటవాడు. ఓడ ఏ దేశం తిరిగొచ్చినా వాడు తెచ్చేవి రెండే రకాలు, నాకు వాసన సబ్బులు, మా బావకు చేపల సరంజామా. బావంటే మరెవరో కాదు, మా ఆయన రమణమూర్తే. మేనరికం కావడం వల్ల పెళ్ళయి పాతికేళ్ళు దాటినా మా అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఆయన బావగానే మిగిలిపోయాడు. 2003లో, ఎండలు ముదరకముందు సెలవుకి వచ్చినప్పుడు మాత్రం సబ్బులు మరిచిపోయాడు వెధవ. అరచేతిలో ఇమిడే రీళ్ళు రెండు తెచ్చి బావ మంచం మీద పెట్టి, వీటిలో ఒకటి ఏరుకోమన్నాడు. రెండోది ఓడలో సెకండ్ ఇంజనీరుకి ఇస్తానని మాటిచ్చాడట. ఆయనకి ఏదైనా ఒకటేనట.

రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. నల్లటి చక్రం, దానికి చుట్టిన తంగూసు దారం, తిప్పడానికి బొటనవేలంత పిడి. తేడా అల్లా ఒకదానికి పిడి ఎడమ పక్కన ఉంది, రెండోదానికి కుడి పక్కన. ఆ పిడి ఊడదీసి అటుదిటు మార్చుకోడానికి లేదు, ఏ చేతిది ఆ చేతిదే. ఇంతోటి తేడా కోసం గోపాలపట్నంలో మా ఇంట్లో నెల్లాళ్ళు రగడ జరిగింది.

బావ పోర్టులో క్రేను నడిపేవాడు. ఆయన కుడిచెయ్యి లివరు మీద ఉంటే ఎంత బరువైనా పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత నెమ్మదిగా దిగుతుందని తోటివాళ్ళు చెప్పేవారు. ఆ చేతికి ఆదివారం కూడా సెలవు లేదు. తెల్లారి మొదటి బస్సుకి గేలపు కర్ర పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి పోయేవాడు. కర్ర భుజం మీంచి ఒక్క విసురు విసిరితే సీసపు గుండు ఎక్కడో పడవల అవతల పడేది. చేపల్లో గొరకలు తెచ్చేవాడు, పారలు తెచ్చేవాడు, ఒక్కోసారి ఖాళీ సంచీ, ఎండకి మాడిన మొహం తెచ్చేవాడు. ఆదివారం పూట మొగుడి మొహం చూసే యోగం నాకు రాసిపెట్టి లేదని ఊరందరికీ వినబడేలా తిట్టేదాన్ని. ఇప్పుడు వారానికి ఏడు రోజులూ ఆదివారమే. కోరుకునేటప్పుడు కాస్త చూసుకుని కోరుకోవాలి.

బీపీ మాత్రలు తలనొప్పి వచ్చిన రోజే వేసుకునే మనిషి ఆయన. ఒకనాడు పొద్దున్న పళ్ళు తోముకుంటూ పెరట్లో పడిపోయాడు. కుడి పక్కంతా పడిపోయింది. పోయిన మాట కొన్నాళ్ళకి తిరిగొచ్చింది, కాలు కర్ర సాయంతో కదిలింది. చెయ్యి మాత్రం రాలేదు. కసరత్తులు చేయించడానికి ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అబ్బాయి చివరిసారి గేటు దగ్గర నన్ను ఆపి, రావాల్సింది వచ్చేసిందమ్మా, ఇంక ఎడమచేతికి పని నేర్పండి అన్నాడు. లోపలున్న మనిషికి చెప్పకుండా గేటు దగ్గర నాకు చెప్పిపోవడమేమిటి? ఆ బరువు నా నెత్తిన పెట్టి సైకిలెక్కి చక్కా పోయాడు. నేను ఆ పూటే బావకి చెప్పేశాను. ఆయన విననట్టే గోడకి తిరిగి పడుకున్నాడు.

అప్పట్నుంచి గడ్డం గీసుకోలేదు. వీధిలోకి రాలేదు. మంచం, గోడ, ఆయన. రోజూ పొద్దున్న నేను నువ్వులనూనె వెచ్చజేసి ఆ చేతికి మర్దనా చేసేటప్పుడు మాత్రం లేచి కూర్చునేవాడు. నేను రాస్తున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా తన వేళ్ళ వంకే చూసేవాడు, ఇప్పుడో ఇంకాసేపటికో కదుల్తాయన్నట్టు.

అప్పలసూరికి ఇదంతా తెలుసు. ఫిన్లాండులో వాళ్ళ ఓడ ఆగినచోట సముద్రం గడ్డ కట్టిపోయిందట. జనం దాని మీద నడిచిపోయి, మంచుకి జానెడు కన్నం తొలిచి, బకెట్టు బోర్లించి దాని మీద కూచుని మూరెడు కర్రతో చేపలు పడుతున్నారట. వాళ్ళలో కుంటివాళ్ళూ ముసలివాళ్ళూ కూడా ఉండడం చూశాడు వీడు. "ఆల్లు ఇసరరు బావా. కిందకి దింపుతారు, అంతే. నువ్వు జెట్టీ మీద కుర్సీ ఏసుకుని కూకో, దింపు, లాగు" అన్నాడు. విసిరే రీలులో తంగూసు పక్కకి జారి మెలి పడుతుంది, దాని చివరున్న ఎర బొంగరంలా తిరుగుతుంది, తిరిగే ఎరని చేప ముట్టదు. ఈ చక్రం రీలులోంచి అయితే నూతి గిలక మీంచి చేంతాడు దిగినట్టు తిన్నగా దిగి తిన్నగా వస్తుంది. ఇంత చదువు నా తమ్ముడికి వంటింట్లో ఎలా అబ్బిందో గానీ, నాకు మొదటిసారి వాడి మీద గౌరవం కలిగింది.

మర్నాడు మా ఇంటి నూతి దగ్గర కుర్చీ వేసి బావని కూచోబెట్టాం. అప్పలసూరి ముందు ఎడమచేతి రీలు మూరెడు కర్రకి బిగించాడు. కర్ర మోకాళ్ళ మధ్య ఇరికించుకుని బావ ఎడమచేత్తో చక్రం వదిలాడు. సీసపు గుండు నూతిలోకి గీత గీసినట్టు దిగింది. పిడి తిప్పాడు. పైకొచ్చింది. ఇంకెవరి సాయమూ అక్కర్లేకపోయింది. నేను లోపలికెళ్ళి సింహాద్రి అప్పన్న పటం ముందు దణ్ణం పెట్టుకున్నాను. ఆదివారం మళ్ళీ హార్బరు కెళ్తాడు, మళ్ళీ తిట్టుకోవచ్చు అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి రెండో రీలు బిగిస్తున్నారు. దానికి కర్ర ఎడమచేత్తో పట్టుకుని, పిడి కుడిచేత్తో తిప్పాలి. బావ కర్రని చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, సామాను సర్దినట్టు పిడి మీద పెట్టాడు. అది జారి ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. అప్పలసూరి నూతిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇదే" అన్నాడు బావ. "నాకు ఇదే కావాల."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారు. ఆ మొండివాడి మొహం నేను చూశాను కాబట్టి చెప్తున్నాను, వాడితో కాపరం చెయ్యడం మహా కష్టం. ఎదురుగా పనికొచ్చేది పెట్టుకుని పనికిరాని దాన్ని ఏరుకోవడమేమిటని అరిచాను. ఆయన తొణకలేదు. కుడిచెయ్యి రేపో మాపో వస్తుందట, వచ్చాక ఎడమచేతి రీలుతో ఏం చేసుకుంటాడట. పైగా చక్రం తేలిగ్గా ఉంది కాబట్టి తిప్పగా తిప్పగా చేతికి పట్టు దొరుకుతుందట. అప్పలసూరి గొడవ పెరక్కుండా, నాను ఓడెక్కేలోగా సెప్పు బావా అని రెండూ మా ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. ఎడమచేతిది బీరువా మీద పడుంది. కుడిచేతిది నూతి దగ్గరకి చేరింది.

మర్నాటి నుంచి ఆయన తీరే మారిపోయింది. కాఫీ అవగానే నూతి దగ్గర కుర్చీ వెయ్యమనేవాడు. నా పాత చీర పేలికతో కుడిచేతిని పిడికి కట్టించుకునేవాడు. కట్టడం నా వంతు, కడుతూ తిట్టడం కూడా నా వంతే. పళ్ళు బిగించి తిప్పితే చక్రం అర చుట్టు తిరిగేది. నాలుగు రోజులకి ముప్పాతిక చుట్టు. గడ్డం గీసుకున్నాడు. అన్నం మారు అడిగాడు. గొరకల పులుసు ఎలా పెట్టాలో నాకే పాఠం చెప్పాడు. అప్పలసూరి వచ్చినప్పుడల్లా, తిరుగుతంది బావా, బాగా తిరుగుతంది అనేవాడు. నేను వాడి వంక గుడ్లురిమి చూసేదాన్ని. ఎందుకంటే నాకు కనబడుతోంది. తిరిగేది చెయ్యి కాదు, భుజం. భుజం ముందుకీ వెనక్కీ ఊగుతుంటే పేలికలో కట్టేసిన చెయ్యి దాని వెంట పోతోంది. వేళ్ళు పిడిని పట్టుకోనేలేదు.

అయినా రోజూ ఎడమచేతి రీలు గురించి సతాయించడం మానలేదు. ఆశ లావు, పీక సన్నం అని దెప్పేదాన్ని. కూరలమ్మితో సహా అందరికీ, మా ఇంట్లో ఆయనకొక్కడికే ఆశ గానీ నాకేమీ లేదమ్మా అని చెప్పుకునేదాన్ని.

అప్పలసూరి ఓడెక్కే ముందురోజు. నేను బట్టలారేస్తున్నాను. బావ పళ్ళతో పేలిక ముడి విప్పుకున్నాడు. కట్టు లేకుండా చెయ్యి పిడి మీద పెట్టాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

"గౌరీ, నిజం సెప్పు. ఇన్నాల్లూ సెయ్యి తిరుగుతందా, భుజమా?"

ఈ ఒక్క ముక్క చెప్పడానికే నేను నెల్లాళ్ళుగా కాచుక్కూచున్నాను. దాచిపెట్టడం నా ఒంట్లో లేదు.

"భుజం" అన్నాను.

ఆయన తలూపాడు. కోపం రాలేదు. నేను తడి చీర దండెం మీద వేసి, అంచులు సరిచేసి, సరిచేసిందే మళ్ళీ సరిచేస్తూ నిలబడ్డాను.

మర్నాడు అప్పలసూరి పెట్టె పట్టుకుని వచ్చాడు. వాడు అడక్కముందే బావ కుడిచేతి రీలు తీసి వాడి చేతిలో పెట్టాడు. తంగూసు శుభ్రంగా చుట్టి, చక్రం గుడ్డతో తుడిచి ఉంది.

"ఇది మీ ఇంజినీరుకి ఇచ్చెయ్. ఇంక రాదురా ఇది" అన్నాడు. రీలు గురించి కాదని ముగ్గురికీ తెలుసు.

అయినా అప్పలసూరి మొహం వికసించింది. "అదీ మాట బావా. అప్ప ఎన్నాల్లుగా మొత్తుకుంటంది" అని నా వంక చూసి, రీలుని పెట్టెలో చొక్కాల మధ్య సర్దాడు. వాడు పెట్టె మూస్తుంటే, అదీ ఉంచరా, ఇంజనీరుకి ఇంకోటి కొనివ్వు అనబోయాను. నెల్లాళ్ళు ఇల్లెగిరిపోయేలా అరిచినదాన్ని ఏ మొహం పెట్టుకుని అంటాను? పెట్టె మూత పడింది. ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

ఆదివారం ఆటోలో హార్బరుకి తీసుకెళ్ళాను. జెట్టీ మీద కుర్చీ వేసి కూచోబెట్టాను. అప్పలసూరి చెప్పింది చెప్పినట్టే జరిగింది. దింపాడు, లాగాడు, మెలి పడలేదు. ఎండెక్కేలోగా అరచెయ్యంత గొరక పడింది. పక్కన పాత స్నేహితులు ఒంటిచేత్తో పట్టావని మెచ్చుకుని వీపు తట్టారు. బావ నవ్వాడు. మర్యాదకి నవ్వే నవ్వు అది, ఎవరో మన ఇంటికొచ్చి కాఫీ బాగుందంటే నవ్వుతామే, అలాంటిది. కుడిచేతిని తువ్వాలు కింద దాచుకుని కూచున్నాడు. ఎండ కోసమేమో అనుకుని తువ్వాలు తియ్యబోతే, ఉండనీ అన్నాడు.

పులుసు పెట్టాను. తిన్నాడు. మారు అడగలేదు.

సోమవారం పొద్దున్న ఎప్పట్లాగే నూనె వెచ్చజేసి పట్టుకెళ్ళాను. ఆయన మంచం మీద లేచి కూచుని నా చేతిలో గిన్నె చూశాడు.

"ఇంకెందుకే నూని" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలీదు. నూనె వెచ్చజేశాక పారబోస్తానా, నోర్మూసుకుని కూచో అని కసిరి ఆ చేతిని లాగి నా ఒళ్ళో పెట్టుకున్నాను. మోచేతి నుంచి మణికట్టు దాకా, మణికట్టు నుంచి గోళ్ళ దాకా రాశాను. ఆశ ఆయనకొక్కడికే అని అందరికీ చెప్పాను గదా. అది అబద్ధం. నేను కూడా ఆ మొండితనం మీదే ఇన్నాళ్ళూ బతికాను. ఆయన నమ్ముతున్నాడు కాబట్టే నేను ధైర్యంగా నమ్మకం లేదని తిరిగాను. ఇప్పుడు ఇంట్లో ఆ నమ్మే పని చేసేవాళ్ళు లేకపోయారు.

బావ గోడ వంక చూస్తున్నాడు. నేను రాస్తూ ఆయన వేళ్ళ వంక చూస్తున్నాను. ఆవేళ్టి నుంచి ఇంట్లో ఆ వేళ్ళ వంక చూసేది నేనొక్కదాన్నే.