జేబులో ఫ్యూజు

పిరికి మేస్త్రి పంపు గదిలో పెట్టె తెరిచి, తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. మళ్ళీ బొత్తాం విప్పి, ఉందో లేదో తడిమి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. చొక్కా విప్పి గట్టున పెడితే ఎవరైనా ఫ్యూజు తీసి తగిలిస్తారేమోనని, అతను ఏ ఈతకొలనులోకైనా చొక్కాతోనే దిగుతాడు. 'పిరికి' అన్న పేరు తోటి పనివాళ్ళు పెట్టిందే.

"నవ్వుకోండ్రా. బతికుంటే బలుసాకు తినొచ్చు," అంటాడు.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. వయసులో ఉండగా అతనూ బావమరిదీ కలిసి ఈతకొలనులు బాగుచేసే ఈ పని చేసేవారు. ఒకరోజు బావమరిది నీళ్ళలో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరో తెలియక స్విచ్చు వేశారు. మేస్త్రి గట్టునే ఉన్నాడు. ప్రాణం పోతున్నా బావమరిది కేక కూడా వేయలేదు. ఆ ఏడే మేస్త్రి భార్య అతని చొక్కాలకు బొత్తాం జేబులు కుట్టడం మొదలుపెట్టింది. ఎందుకని అతనూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

"మోటారేమో గురక పెడుతోంది, నీళ్ళేమో రోజూ తగ్గిపోతున్నాయి. రెండూ ఒక్కసారే పాడయ్యాయండీ," అంది ఈ కొలనున్న ఇంటావిడ.

నిన్న అతను కొలను మెట్టు మీద నీళ్ళు నింపిన బకెట్ పెట్టి వెళ్ళాడు. ఎండకు ఆవిరైతే రెండింట్లోనూ సమానంగా తగ్గాలి. బకెట్‌లో వెంట్రుకవాసి తగ్గింది, కొలనులో బెత్తెడు దిగింది. గోడలో నీళ్ళు పీల్చే కంత బయటపడి, పంపు నీటితోపాటు గాలిని కూడా మింగుతోంది.

"రోగం ఒకటేనమ్మా. మూలుగే రెండు చోట్ల," అన్నాడు.

మెడలోతు నీళ్ళలో నిలబడి, సిరంజిలో ఎర్ర సిరా పట్టి, గోడ పగుళ్ల దగ్గర కొంచెం కొంచెంగా వదిలాడు. సిరా ఎక్కడిదక్కడే నిలిచింది. నీటిలోపలి దీపం దగ్గర మాత్రం దారంలా సాగి సందులోకి పోయింది. ఇంత కొలను ఉండగా అక్కడే కారాలా?

"దీపం కూడా ఆ ఫ్యూజు మీదేనా అమ్మా?"

"అన్నీ దానిమీదేనండీ. మావారు చెప్పారు."

మామూలుగా అయితే టెస్టరు పెట్టి చూడనిదే అతను దేవుణ్ణి కూడా నమ్మడు. కానీ ఆవిడ ఎదురుగా నిలబడి మర్యాదగా చెప్పింది. ఆ మాట మీద ఆవిడ కళ్ళముందే పరీక్ష పెట్టాలంటే బాగుండదనిపించింది. అతనికి పిరికితనాన్ని మించిన జబ్బు మొహమాటం.

మర విప్పి, దీపాన్ని గూటిలోంచి లాగి, తీగతో పక్కకు వేలాడదీశాడు. ఊపిరి బిగబట్టి మునిగి, తీగ వచ్చే గొట్టంలోకి లప్పం ముద్దను వేలితో కూరసాగాడు. ఉన్నట్టుండి చుట్టూ నీళ్ళన్నీ తెల్లగా వెలిగాయి.

దీపం అతని మోచేతికి ఆనుకుని ఉంది. అతను కదల్లేదు. బావమరిది ముఖం, ఆనాటి తెరిచిన నోటితో, అంత దగ్గరగా ఎన్నడూ కనిపించలేదు. ఏమీ కాలేదు. ఆ దీపానికి వచ్చేది తక్కువ కరెంటు. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ గుండెకు ఎవరు చెప్పాలి?

పైకి తేలి గట్టు పట్టుకున్నాడు.

"లోపల చీకటిగా ఉంటుందేమోనని వేశానండీ," అంది ఇంటావిడ కిటికీలోంచి. "ఇది ఇన్వర్టరు మీద ఉన్నట్టుంది. నాకు తెలీదు."

"ఆర్పెయ్యమ్మా," అన్నాడు.

ఆవిడ దీపం ఆర్పి ఇన్వర్టరు కూడా కట్టేసింది. పని సగంలో వదలడం చేతకాక అతను మళ్ళీ మునిగాడు. ముద్ద కూరి, దీపం బిగించి, సిరా వదిలి చూస్తే అది కదలకుండా నిలిచింది. కొలను నింపుకుని రేపు పొద్దున మోటారు వేసుకోమని చెప్పి, తడి చొక్కాను పిండకుండానే సంచిలో కుక్కి, పొడి చొక్కా తొడుక్కున్నాడు. ఎప్పుడూ వెళ్ళేముందు పంపు గదిలోకి వెళ్ళి పెట్టె మూసి, దాని మీద ఒకసారి తట్టేవాడు. ఆ రోజు అటు వెళ్ళనే లేదు.

ఇంటికొచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో కూలబడ్డాడు.

"ఒంట్లో బాగాలేదా ఏమిటండీ?" అంది భార్య.

"భయమేసిందే," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. "మీ తమ్ముడు కనిపించాడు."

ఆమె సంచి అందుకుంది. తడి చొక్కాను పెరట్లో తీగ మీద పడేసి, మంచినీళ్ళ గ్లాసుతో తిరిగొచ్చేసరికి అతని తల పక్కకు వాలిపోయి ఉంది. అతనూ కేక వేయలేదు.

మర్నాడు, చుట్టాలతో నిండిన మేస్త్రి ఇంట్లో ఫోను మోగింది.

"నీళ్ళు దిగడం ఆగిపోయిందండీ," అంది కొలనున్న ఇంటావిడ. "మోటారే అసలు కదలడం లేదు. మేస్త్రిగారిని ఒక్కసారి పంపిస్తారా?"

మేస్త్రి భార్య ఫోను చెవికి పెట్టుకునే పెరట్లోకి చూసింది.

"ఫ్యూజు ఆయన దగ్గరే ఉండిపోయిందమ్మా," అంది. "ఎవరితోనైనా పంపిస్తాను."

తీగ మీద చొక్కా ఎప్పుడో ఆరిపోయింది. జేబుకు బొత్తాం పెట్టే ఉంది, ఆ బరువుకు చొక్కా ఒక పక్కకు లాగేసి ఉంది.