డైరెక్ట్ చేసిన మోటారు

బుద్ధి గడ్డి తిని ఆ మాటన్నది నేనే. మధ్యాహ్నం నా మొగుడు లక్ష్ముడు కన్యాకుమారి గారింటికి రిపేరుకెళ్లి, అక్కణ్ణుంచి ఫోన్ చేసి, మోటారు వేస్తే చాలు ట్రిప్ స్విచ్ పడిపోతోందన్నాడు. నేను షాపులో వైండింగ్ పనిలో తలమునకలుగా ఉన్నాను. ఏ మోటారని కూడా అడక్కుండా, ట్రిప్ స్విచ్ తప్పించి, వైర్లు నేరుగా కలిపి డైరెక్ట్ చేసేసి రమ్మన్నాను. నూతి మోటార్లకి నేనెప్పుడూ చెప్పే మాటే అది.

సాయంత్రం టీ తాగుతూ, ఆ ఇంట్లో వేడినీళ్ల టబ్బు ఎంత ముచ్చటగా ఉందో చెప్పుకొచ్చాడు. మోకాలి ఆపరేషనైన కన్యాకుమారి గారు రోజూ ఐదింటికి అందులో కూర్చుంటారట. ఆ నీళ్లు తిప్పేది ఈ మోటారేనట. ట్రిప్ ఊరికే పడదు, మోటారులో ఎక్కడో కరెంటు లీకవుతున్నట్టే. నూతిలో ఎవరూ కూర్చోరు. టబ్బులో మనిషి కూర్చుంటుంది.

"టబ్బు మోటారని సెప్పొద్దేటి?" అన్నాను.

"నువ్వడిగినావేటి?" అన్నాడు.

ఐదుకి పది నిమిషాలుంది. ఆవిడకి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. స్కూటీ తీశాను. కోట దగ్గర ఆటోలు అడ్డం. నన్ను నేను తిట్టుకోవాల్సిన తిట్లన్నీ ఆ ఆటోవాళ్లు తిన్నారు.

వీధి తలుపు తీసే ఉంది. పెరటి వరండాలో మోటారు గుర్రుమంటోంది. కన్యాకుమారి గారు టబ్బు గట్టు మీద కూర్చుని, ఆపరేషనైన కాలిని రెండు చేతులతో ఎత్తి నీళ్లలో పెట్టబోతున్నారు.

"అమ్మా, కాలెట్టకండి!" అని అరిచి, గోడకున్న మెయిన్ ఆపేశాను.

ఆవిణ్ణి దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి, మళ్లీ ఒక్క క్షణం మెయిన్ వేసి మోటారు బాడీకి టెస్టర్ ఆనించాను. టెస్టర్ లైటు టక్కున వెలిగింది. మెయిన్ ఆపేసి, విప్పి చూస్తే సీలు అరిగి, నీళ్లు కారి, వైండింగంతా తడిసిపోయి ఉంది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, దేవుడిలా వచ్చావన్నారు. ఆ మాట భరించలేకపోయాను. డైరెక్ట్ చెయ్యమన్నది నేనేనని, ఏ మోటారో కూడా అడగలేదని చెప్పేశాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ నీళ్ల వైపు చూశారు.

"ఇలాగ ఎన్ని ఇళ్లకి సెప్పావమ్మా?" అన్నారు.

నాకు తెలీదు.