నరం దొరకలేదు

పొద్దున ఎనిమిదైంది. సూదక్క ఇంకా తెల్లకోటు గుండీలు పెట్టుకోనేలేదు, రక్తపరీక్షల గది తలుపు తోసుకుని తూకాల మేస్త్రి భార్య లోపల పడింది. వచ్చింది అనకుండా పడింది అంటున్నానంటే నిజంగానే పడింది, గచ్చు మీద మోకాళ్ళు డోక్కుపోయేలా. కింది పెదవి చీలి మెడదాకా రక్తం. ఎడమకన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. కుడిచెయ్యి మాత్రం పొట్ట మీదనుంచి తియ్యడం లేదు.

“తలుపెయ్యి అక్కా! వెనకే వస్తున్నాడు. బిడ్డని నేనే చంపేశానంట. నన్ను కూడా చంపుతాడంట.”

సూదక్క గబగబా గడియ పెట్టింది. “చంపడమేంటే నీ మొహం! నిన్న సాయంత్రమేగా రిపోర్టు ఇచ్చాను, అంతా బాగానే ఉందిగా!”

“అంకె పడిపోయిందంట.”

ఆ మాట వినగానే సూదక్క పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ఆ అంకె గురించి ఆ మనిషికి పాఠం చెప్పిన మహాతల్లి ఆవిడే.

ఇరవైరెండేళ్ళుగా ఆ ప్రసూతి ఆసుపత్రి వెనక గదిలో సూదులు గుచ్చుతోంది కాబట్టి ఆవిడకి ఆ పేరు స్థిరపడిపోయింది. కళ్ళు మూసుకుని చెయ్యి పట్టుకున్నా నరం ఎక్కడుందో చెప్పగలదు. చేతులు అంత గొప్పవి గానీ, నోరే ఒకసారి కొంప ముంచింది. నిరుడు ఈ పిల్లకి మొదటి కడుపు. ఏడో వారంలో హెచ్‌సీజీ అనే గర్భం హార్మోను అంకె పడిపోయింది, బిడ్డ దక్కలేదు. మొగుడు కిటికీ దగ్గర నిలబడి “పడిపోవడమంటే ఏంటి సూదక్కా?” అని అడిగితే, వరసలో ఇంకా పదిమంది ఉన్నారన్న చిరాకులో, “అంకె ఎక్కితే బిడ్డ ఉన్నట్టు, పడితే పోయినట్టు. అంతే” అని చెప్పి పంపేసింది.

ఏడో వారానికి ఆ మాట చాలావరకు సరిపోతుంది. పద్నాలుగో వారానికి చెల్లదు. ఆ తేడా చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది.

మేస్త్రి వృత్తి కాటాలు బాగుచెయ్యడం. ముల్లు కిందికి దిగితే ఎవడో దొంగతనం చేసినట్టేనని నమ్మే మనిషి. ఈ రెండో కడుపు మొదలైన దగ్గరనుంచీ, డాక్టరమ్మ అక్కర్లేదు మొర్రో అంటున్నా వినకుండా, నెలనెలా పెళ్ళాన్ని లాక్కొచ్చి ఆ పరీక్ష చేయించాడు. అంకెల్ని దుకాణం గోడ మీద సుద్దతో రాశాడు. ఆరో వారంలో ఇరవైరెండు వేలు. పదో వారంలో లక్షా పద్దెనిమిది వేలు. ఆ రోజు వీధి వీధంతా వినిపించేలా నవ్వాడట. నిన్న పద్నాలుగో వారం కాగితం చేతికొచ్చింది. నలభైఒక్క వేలు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని మొహం మాడిపోవడం సూదక్క చూసింది. చూసి, ఇంటికెళ్ళే వేళైందని కిటికీ మూసేసింది.

“రాత్రంతా ఏం మింగావో చెప్పు, ఏం మింగావో చెప్పు అని ఒకటే బాదుడు” అంటోంది ఆ పిల్ల బల్ల కిందికి పాక్కుంటూ. “పొట్ట మీద తన్నబోతే తిరిగి పడుకున్నానక్కా. నడుం మీద తగిలింది.”

తలుపు దడదడలాడింది.

“సూదక్కా! అది లోపలుందని నాకు తెలుసు. తలుపు తియ్యి. నీతో నాకు గొడవ లేదు.”

“నువ్వు ముందు చెప్పేది విను! నువ్వనుకున్నది తప్పు. బిడ్డ ఉంది!”

సమాధానంగా తలుపు చెక్క పగిలింది. రెండో దెబ్బకి గడియ ఊడి గోడకి తగిలింది. మేస్త్రి చేతిలో అయిదు కిలోల ఇనుప గుండు, పైన పిడి ఉన్న రకం. కాటా సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి రోజూ వాడే గుండే. లోపలికొచ్చీ రాగానే రక్తం తిప్పే యంత్రం మీద ఒకటి వేశాడు, మూత పచ్చడైపోయింది. గాజుగొట్టాల అర మీద ఇంకోటి వేశాడు. పొద్దున్నే కడిగి ఆరబెట్టిన గొట్టాలన్నీ గచ్చు మీద కరకరలాడాయి.

“నువ్వే చెప్పావు! పడితే పోయినట్టు అన్నావు!”

“అన్నాను, నా నోరు పడిపోను, అన్నాను! సగమే చెప్పాను!” సూదక్క బల్లకి అడ్డం నిలబడి రెండు చేతులూ చాపింది. “మొదట్లో ఆ అంకె రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది, నిజమే. ఆ ఎక్కడమంతా పదో వారం దాకానే. అప్పటికి మాయ ఎదుగుతుంది, బిడ్డని నిలబెట్టే పని అది అందుకుంటుంది. ఇక దీనితో అంత అవసరం లేదు, అందుకని తగ్గుతుంది. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు కర్రలు విప్పరా? కర్రలు తీశారని ఇల్లు కూలినట్టా? ప్రొజెస్టిరాన్ ఎక్కుతూనే ఉంటుంది, ఈస్ట్రోజెన్ ఎక్కుతూనే ఉంటుంది, కాన్పు దాకా. అందరు ఆడవాళ్ళకీ ఇంతే! నీ పెళ్ళాం తప్పేం లేదు!”

“కథలు చెప్పకు. నిన్న లేని కథ ఇవాళెక్కణ్ణించి వచ్చింది?”

అతను భుజంతో ఆవిడని గోడకేసి కొట్టి, వంగి, పెళ్ళాం జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. ఆ పిల్ల వీపు గాజుపెంకుల మీద రాసుకుపోయింది. అరవలేదు. అరిస్తే పొట్ట మీద పట్టు జారుతుందని భయమేమో, పళ్ళు బిగబట్టి ముడుచుకుపోయింది.

సూదక్కకి ఒళ్ళు మండిపోయింది. చేతికందిన ఇనుప ట్రే తీసి అతని చెవి మీద బలంకొద్దీ కొట్టింది. చెవి చిట్లింది. అతను జుట్టు వదిలి, గుండు కింద పడేసి, ఇటు తిరిగి రెండు చేతులా ఆవిడ గొంతు పట్టుకున్నాడు. చేతులా అవి, పట్టకార్లు! సూదక్క కాలివేళ్ళ మీద లేచిపోయింది. గోళ్ళతో అతని మొహం రక్కింది, మోకాలితో తన్నింది, ఏదీ పనిచెయ్యలేదు. గది అంచులనుంచి నల్లబడుతూ వచ్చింది. తన చివరిచూపు వీడి మొహం మీదా అని ఆవిడకి పరమ అసహ్యం వేసింది.

అప్పుడు వినిపించింది, ఎముక విరిగిన చప్పుడు.

మేస్త్రి మోకాలి మీద కూలబడ్డాడు. వెనకాల ఆ పిల్ల, అతని గుండునే రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. మొదటి దెబ్బ మోకాలి వెనక వేసింది. అతను పడ్డాక కుడిచెయ్యి గచ్చుకి ఆనించాడు, లేవడానికి. ఆ మణికట్టు మీద రెండోది వేసింది. ఈసారి అరిచింది అతనే. మూడోదానికి గుండు ఎత్తింది గానీ, పొట్టలో ఏదో కలుక్కుమన్నట్టుంది, అక్కడే వదిలేసి గోడకి ఆనుకుంది.

పక్క మందుల దుకాణాయన షట్టరు లాగే కొక్కెం కర్ర పుచ్చుకుని పరిగెత్తుకొచ్చాడు. మేస్త్రిని బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు. “కదిలావంటే తల పగలగొడతా, వెధవా! పోలీసులకి ఫోన్ చేసే వచ్చాను.”

సూదక్క దగ్గుతూ, గోడ పట్టుకుంటూ పక్కగదిలోకి వెళ్ళి గుండెచప్పుడు వినే చిన్న పెట్టె తెచ్చింది. ఆ పిల్లని బల్ల మీద పడుకోబెట్టి పొట్టకి జెల్లు రాసింది. పెట్టెకి చెవుల్లో పెట్టుకునే రెండు తీగలున్నాయి. ఒకటి తన చెవిలో, ఒకటి ఆ పిల్ల చెవిలో పెట్టింది.

గరగర. కుడివైపు గరగర. ఎడమవైపు ఆ పిల్ల గుండే కొట్టుకుంటోంది, నెమ్మదిగా, బరువుగా. సూదక్క చెయ్యి జారుతోంది, వేళ్ళకి రక్తం. ఎవరిదో తెలీదు. నాలుగు వేళ్ళు కిందికి దించింది. ఏమీ లేదు. “ఉండమ్మా, ఉండు, కంగారుపడకు” అంటోంది గానీ ముచ్చెమటలు పోస్తున్నది ఆవిడకే. ఇంకాస్త కిందికి, ఇంకాస్త పక్కకి.

టకటకటకటక. ఊపిరాడనంత తొందరగా, ఎవరో పరిగెడుతున్నట్టు.

ఆ పిల్ల మంచిగా ఉన్న ఒక్క కంటినుంచీ నీళ్ళు చెవిదాకా జారాయి. సూదక్క గట్టిగా ఏడ్చేసింది.

“ఏంటి? ఏంటి వినిపిస్తోంది?” గచ్చు మీదనుంచి మేస్త్రి తల ఎత్తాడు. “సూదక్కా, ఉందా? తల్లీ, ఒక్కమాట చెప్పు. ఆ అంకె సంగతి నాకేం తెలుసు, నువ్వు చెప్పిందే నమ్మాను. నీ కాళ్ళు పట్టుకుంటా. ఉందా?”

సూదక్క నోరు తెరవబోయింది. ఆ పిల్ల చెయ్యి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

“చెప్పకు.”

“అది కాదే, చెబితే వాడికి తెలిసొస్తుంది, నీ తప్పు లేదని…”

“నిరుడు అంకె నిజంగానే పడిందిగా అక్కా.” చీలిన పెదవితో మెల్లగా అంది. “అప్పుడూ కొట్టాడు. అది న్యాయమేనా మరి?”

సూదక్కకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇందాకటినుంచీ గొంతు చించుకుని హార్మోన్ల లెక్క చెప్పింది, ఆ అంకె సరైనదే కాబట్టి కొట్టొద్దని. ఈ పిల్లని కొట్టడానికి ఏ అంకే కారణం కాదని ఒక్కసారి కూడా అనలేదు.

“ఆ పుస్తకం తియ్యి” అంది ఆ పిల్ల.

ఏ పుస్తకమో ఇద్దరికీ తెలుసు. రక్తం ఏ చేతినుంచి తీసిందీ, చెయ్యి మారిస్తే ఎందుకు మార్చిందీ రాసే పుస్తకం. నిరుటినుంచి ఇప్పటిదాకా ఈ పిల్ల అయిదుసార్లు వచ్చింది. నాలుగుసార్లు సూదక్క ఎడమచెయ్యి పట్టుకుని, కుర్తా చెయ్యి పైకి లాగి, చూసి, ఏమీ అడగకుండా “ఆ చెయ్యి ఇవ్వమ్మా” అంది. నాలుగుసార్లూ కారణం దగ్గర ఒకటే మాట రాసింది: నరం దొరకలేదు. కళ్ళు మూసుకుని నరం పట్టగల మనిషి!

సూదక్క గాజుపెంకుల్లోంచి పుస్తకం ఏరుకుని తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్ల ఎడమచెయ్యి చాపి, అడక్కుండానే కుర్తా చెయ్యి పైకి లాక్కుంది. మోచేతి పైన నలుపు, దాని కింద నీలం, ఇంకా కింద పాత పసుపు.

“ఉందా అక్కా? చెప్పండమ్మా, ఎవరైనా చెప్పండి!” కింద అతను నేలకేసి నుదురు కొట్టుకుంటున్నాడు. వీధి చివర పోలీసుజీపు హారను వినిపించింది.

సూదక్క నిరుటి పేజీ తీసింది. పాత మాట కొట్టెయ్యలేదు. దాని పక్కనే, తేదీ వేసి, రాయడం మొదలుపెట్టింది: ‘నరం దొరికింది. చేతి మీద అయిదు వేళ్ళ అచ్చు ఉంది. నేను చూశాను.’

కింద సంతకం పెట్టి, రెండోసారి అదే మాట రాసిన పేజీ తిప్పింది.