మూతలేని నలభై ఒక్క చోట్లు

శ్రావణం నాలుగో రోజు సముద్రపు పోటుతో పాటు, కూరగాయలమ్మే సూఫియా గంప దిల్‌రూబా దుకాణం గడప దాటి లోపలికి తేలుతూ వచ్చింది. సూఫియా రాలేదు. కాంట్రాక్టర్ మూత వేయకుండా వదిలేసిన మురుగుకాలువ ఆమెను మింగింది. రెండు రోజులకు శవం తూము దగ్గర దొరికింది.

చిట్టగాంగ్‌లోని ఆ పల్లపు సందులో దిల్‌రూబా పన్నెండేళ్లుగా వెబ్‌సైట్లు తయారుచేస్తోంది. వానాకాలంలో ఆమె పనివేళలను పోటు నిర్ణయిస్తుంది. నీరెక్కితే కంప్యూటర్లను అటక మీదికి ఎత్తాలి, తీస్తే దించాలి. ఎత్తడంలో దించడంలో నడుమూ ఓపికా రెండూ అరిగిపోయాయి.

శవాన్ని పూడ్చిన మర్నాడు కాంట్రాక్టర్ మేనేజరు కుద్దూస్ ప్యాంటు మడుచుకుని వచ్చాడు. కాలువల పథకం వెబ్‌సైటు ఆ దుకాణమే చేస్తోంది. అసలు ఫొటోలు అందేదాకా చోటు ఖాళీగా ఉండకూడదని, ఈ వృత్తిలో అందరూ చేసినట్టే, దుకాణంలో పనిచేసే మొర్జినా ఏదో విదేశీ కాలువ బొమ్మను నమూనాగా పెట్టింది.

"ఇదే ఉంచేయండి ఆపా, అద్దంలా ఉంది," అన్నాడు కుద్దూస్, దిల్‌రూబాను అక్కా అన్నట్టు పిలుస్తూ. "కింద 'మూతలన్నీ పూర్తి' అని రాయండి. రేపే ప్రారంభం."

"ఇది మన ఊరు కాదు."

"చూసేవాళ్లు పెద్దోళ్లు ఆపా. వాళ్లేమన్నా ఈ సందులో నడుస్తారా?"

అతను వెళ్లాక మేడమెట్ల మీద సమావేశం జరిగింది, నేలంతా నీళ్లే. పక్క వీధి వెబ్ దుకాణాలవాళ్లు, రిక్షావాళ్లు, సూఫియా తోటి కూరగాయల ఆడవాళ్లు మెట్టుకిద్దరు కూర్చున్నారు.

"మనం కాదంటే ఇంకోడు చేస్తాడు," అన్నాడు దుకాణంలో పాత ఉద్యోగి తపన్. "ఈ పని పోతే మనం రోడ్డు మీదే."

"రోడ్డెక్కడుంది తపనన్నా? నీళ్లేగా!" అంది మొర్జినా. "ఆ ఇంకోడి ఇంట్లోకీ వస్తాయి ఇవే నీళ్లు."

"మాకు చదువు రాదు," అంది ఒక కూరగాయలామె. "ఏ గొయ్యి ఎక్కడుందో మా కాళ్లకి తెలుసు. చెప్తే రాస్తారా?"

దిల్‌రూబా చాలాసేపు తన అటక వైపే చూసింది. "రాస్తాం," అంది చివరికి. "వాళ్ల అబద్ధాన్ని ఈ మెట్ల మీదున్న ఏ దుకాణమూ ముట్టకూడదు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి."

తపన్ అందరికన్నా ఆలస్యంగా ఎత్తాడు.

మర్నాడు ప్రారంభోత్సవపు నిండు సభలో కుద్దూస్ వెబ్‌సైటును తెరమీద తెరిచాడు. విదేశీ కాలువ లేదు. నీటిమీద సూఫియా గంప. దాని కింద మూతలేని నలభై ఒక్క చోట్లు, ఒక్కోదాని పక్కన నిలబడి చూపిస్తున్న మనిషి, ఆ మనిషి పేరు.

సాయంత్రం పోటు వేళకు పోలీసులు వచ్చారు. తప్పుడు ప్రచారమని దిల్‌రూబా మీద కేసు. జీపు సందు మొదట్లోనే ఆగిపోయింది. మోకాటిలోతు బురదనీరు. ఇన్‌స్పెక్టరు లాఠీతో పొడిచి చూశాడు.

"గోతులెక్కడున్నాయో చెప్పండి!" అని అరిచాడు.

"ఉన్నాయన్నందుకేగా సార్ కేసు?" అంది మొర్జినా గుమ్మంలోంచి. "అబద్ధమైతే ధైర్యంగా నడిచి రండి."

సందంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు అడుగు వేయలేదు. ఐదు దుకాణాల ఫోన్లు కదలని ఆ బూట్లను చిత్రీకరిస్తూనే ఉన్నాయి.

దిల్‌రూబా అలసటగా లేచి చీర పైకి దోపుకుంది. "ఈ కాలువకి ఇంకో ప్రాణం ఎందుకు? నేనే వెళ్తాను." గొయ్యి ఉన్న ప్రతిచోటా ఒక మనిషి నిలబడి చెయ్యందించగా ఆమె జీపు దాకా నడిచింది. వెనక్కి తిరిగి, "నీళ్లు తీశాక కంప్యూటర్లు దించండి," అంది.

"దించం ఆపా," అన్నాడు తపన్. "ఇక అటక మీదే కూర్చుని పని చేస్తాం."

జీపు స్టేషను చేరేలోగా ఆ బూట్లు ఐదు దుకాణాల వెబ్‌సైట్ల మొదటి పేజీకెక్కాయి. మర్నాడు పక్క పేటలవాళ్లు తమ గోతుల ఫొటోలతో వచ్చి, దుకాణంలో అటక కింద నీళ్లలో వరుసకట్టారు. తపన్ అటక మీద వంగి కూర్చుని మొదటి ఫొటో అందుకున్నాడు.

"నలభై రెండు," అన్నాడు గట్టిగా.